యూఎస్‌బీ నిల్వ: ఒకే కంప్యూటరులో పలువురి ఉమ్మడి వాడకం

ఒక కంప్యూటరులో వేర్వేరు ఖాతాలున్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది వాడుకరులు ఒకే పెన్‌డ్రైవ్‌నో, బయటి హార్డ్ డిస్కునో, కార్డు రీడరులోని మెమరీ కార్డునో చదివి రాసుకునేలా చేసే ఏర్పాటును యూఎస్‌బీ నిల్వ ఉమ్మడి వాడకం అంటారు. దీన్ని మూడు అంశాలు నిర్ణయిస్తాయి: పరికరాన్ని తెరిచే అధికారం ఎవరిది, తెరిచాక అది ఏ ఫోల్డరు కింద ఎవరికి కనిపిస్తుంది, లోపలి ఒక్కో ఫైలుకు యజమాని ఎవరు. ఈ మూడింటికీ ఆపరేటింగ్ వ్యవస్థ వేర్వేరు చోట్ల జవాబు చెబుతుంది. అందుకే డ్రైవ్ తెర మీద కనిపిస్తూనే తెరుచుకోకపోవడం, తెరుచుకున్నా అందులో రాయడానికి వీల్లేకపోవడం జరుగుతుంటాయి.

పరిధి

ఉమ్మడి వాడకం ప్రధానంగా మూడు సందర్భాల్లో ఎదురవుతుంది. ఒకరు లాగౌట్ అయ్యాక మరొకరు లాగిన్ అయి అదే డ్రైవ్‌ను వాడుకోవడం మొదటిది. ఇళ్లలో, కళాశాల ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. రెండోది, ఒకరి సెషన్ తెరిచి ఉండగానే ఖాతా మార్చి ఇంకొకరు పని మొదలుపెట్టడం. ఈ సౌకర్యం విండోస్ ఎక్స్‌పీతో 2001లో, మాక్ ఓఎస్ టెన్ 10.3తో 2003లో వచ్చింది. మూడోది ఒకే సీపీయూకు పలు తెరలు, పలు కీబోర్డులు తగిలించి అందరూ ఒకేసారి పనిచేసే బహుపీఠ విధానం.

జిరాక్సు షాపుల్లో, డీటీపీ సెంటర్లలో కంప్యూటరుకు ఉండేది సాధారణంగా ఒకే ఖాతా. ఎవరు తెచ్చిన పెన్‌డ్రైవ్ అయినా ఆ ఖాతాలోనే తెరుచుకుంటుంది కాబట్టి అక్కడ అనుమతుల పేచీ రాదు. వైరస్‌ల పేచీ మాత్రం వస్తుంది (చూడండి: భద్రత). డ్రైవ్‌ను నెట్‌వర్కు మీదుగా ఇతర కంప్యూటర్లకు అందించడం ఈ వ్యాసం పరిధిలో లేదు.

చరిత్ర

ఊడదీసి పట్టుకెళ్లగల నిల్వను బహుళ వాడుకరుల వ్యవస్థలో ఎలా ఇమడ్చాలన్న సమస్య యూఎస్‌బీ కంటే పాతది. యూనిక్స్ సంప్రదాయంలో ఏ డిస్కునైనా ఫైళ్ల చెట్టుకు తగిలించే అధికారం, అంటే మౌంట్ చేసే అధికారం, రూట్ అనే సర్వాధికారికే ఉండేది. యంత్రం గదిలో ఉండేది, డిస్కులు యంత్రంలో ఉండేవి, అవి మారడం అరుదు. ఆ రోజుల్లో ఈ నియమం ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఫ్లాపీలు, సీడీలు వచ్చాక సాధారణ వాడుకరి కూడా గంటకోసారి డిస్కు మార్చే పరిస్థితి ఏర్పడింది. కన్సోల్ ముందు కూర్చున్న వ్యక్తికి డ్రైవ్ మీద తాత్కాలికంగా యాజమాన్యం ఇచ్చే పద్ధతులు, ఫ్లాపీని మౌంట్ చేయకుండానే చదివే ఎమ్‌టూల్స్ వంటి పనిముట్లు అప్పుడు పుట్టాయి.

యూఎస్‌బీ మొదటి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించినవారిలో ఇంటెల్ ఇంజనీరు, భారత్‌లో జన్మించిన అజయ్ భట్ ఒకరు. నిల్వ పరికరాలన్నీ ఒకే భాషలో మాట్లాడేలా మాస్ స్టోరేజ్ తరగతిని నిర్వచించడంతో ప్రతి డ్రైవ్‌కూ ప్రత్యేక డ్రైవర్ సాఫ్ట్‌వేరు అవసరం తప్పింది. 2000లో సింగపూర్‌కు చెందిన ట్రెక్ 2000 సంస్థ థంబ్‌డ్రైవ్‌ను, ఇజ్రాయెల్‌కు చెందిన ఎమ్-సిస్టమ్స్ డిస్క్‌ఆన్‌కీని మార్కెట్లోకి తెచ్చాయి. డిస్క్‌ఆన్‌కీని ఐబీఎమ్ తన పేరుతో అమ్మింది. తొలి నమూనా సామర్థ్యం 8 మెగాబైట్లు. అదే ఏడాది ఖరారైన యూఎస్‌బీ 2.0 వేగాన్ని సెకనుకు 480 మెగాబిట్లకు పెంచడంతో ఫ్లాపీకి కాలం చెల్లింది.

విండోస్ లోకం ఈ పరికరాన్ని డ్రైవ్ అక్షరంతో సులువుగా ఇముడ్చుకుంది. లినక్స్‌లో మార్పు మెల్లగా జరిగింది. 2003–04 నాటికి హాల్ అనే సేవ కొత్తగా తగిలిన పరికరాలను గుర్తించి డెస్క్‌టాప్‌కు తెలియజేయడం మొదలుపెట్టింది. డెబియన్‌లో పీమౌంట్ అనే చిన్న పనిముట్టు, ప్లగ్‌డెవ్ గుంపులో ఉన్నవారెవరైనా పెన్‌డ్రైవ్‌ను మౌంట్ చేసుకునే వీలు కల్పించింది. తర్వాత ఈ బాధ్యతను యూడిస్క్స్ అనే నేపథ్య సేవ, ఎవరికి ఏ పని చేసే అధికారం ఉందో తేల్చే పోల్‌కిట్ పంచుకున్నాయి. నేటి లినక్స్ డెస్క్‌టాప్‌లలో చాలావాటిలో నడుస్తున్నది ఈ జంటే.

2012లో యూడిస్క్స్ రెండో తరం చేసిన ఒక మార్పు ఈ వ్యాస విషయానికి కీలకం. అంతవరకు పెన్‌డ్రైవ్‌లు మీడియా అనే ఉమ్మడి ఫోల్డరులో మౌంట్ అయ్యేవి. ఆ తర్వాత, మౌంట్ చేసిన వాడుకరి పేరుతో ఒక సొంత ఫోల్డరు ఏర్పడి, డ్రైవ్ దాని లోపల తెరుచుకోవడం మొదలైంది. ఆ ఫోల్డరులోకి ఇతరులకు ప్రవేశం లేదు. ఒకరి పెన్‌డ్రైవ్‌ను మరొకరు చూడకూడదన్నది దీని ఉద్దేశం. అదే కంప్యూటరులో ఇంటిల్లిపాదికీ ఒకే డిస్కు ఉన్నవారికి మాత్రం, నిన్నటిదాకా పనిచేసిన ఏర్పాటు ఒక్క నవీకరణతో ఆగిపోయింది.

పనితీరు: యజమాని ఎవరు?

పరికరం తగలగానే ఆపరేటింగ్ వ్యవస్థ కేంద్రభాగమైన కెర్నల్ దాన్ని ఒక బ్లాక్ పరికరంగా నమోదు చేస్తుంది. ఈ దశలో అది వరుస సంఖ్యలున్న నిల్వ గడుల సమూహం మాత్రమే. ఫైళ్ల ఊసు ఇంకా రాదు. ఈ గడులను నేరుగా చదివే హక్కు సాధారణ వాడుకరికి ఇవ్వరు. ఇస్తే లోపలి అనుమతులన్నిటినీ అతడు పక్కదారిలో దాటేయగలడు.

రెండో దశ మౌంట్. గడులలోని ఫైల్ వ్యవస్థను గుర్తించి, దాన్ని ఒక ఫోల్డరుకో అక్షరానికో ముడిపెట్టడం ఇక్కడ జరుగుతుంది. ఒకే డ్రైవ్‌ను పలువురు వాడుతున్నా మౌంట్ జరిగేది ఒక్కసారే. అందరి రాతలూ ఒకే కెర్నల్ గుండా వెళ్తాయి కాబట్టి ఇద్దరు ఒకేసారి రెండు ఫైళ్లు రాసినా ఫైల్ వ్యవస్థ చెడదు. అదే డ్రైవ్‌ను ఒకవైపు అసలు కంప్యూటరు, మరోవైపు దానిలో నడిచే వర్చువల్ యంత్రం విడివిడిగా మౌంట్ చేస్తే కథ మారుతుంది. రెండు కెర్నళ్లు ఒకదాని రాతలు మరొకదానికి తెలియకుండా అవే పట్టికలను దిద్దుతాయి, ఫైల్ వ్యవస్థ ధ్వంసమవుతుంది.

మూడో దశ ఫైలు యాజమాన్యం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. డిస్కు మీద ఫైలు యజమాని పేరు రాయరు, సంఖ్య రాస్తారు. యూనిక్స్ కుటుంబంలో దాన్ని యూఐడీ అంటారు. ఆ సంఖ్యకు అర్థం చెప్పే పట్టిక కంప్యూటరులో ఉంటుంది, పెన్‌డ్రైవ్‌తో పాటు ప్రయాణించదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరాలలో మొదటి వాడుకరికి 1000 సంఖ్య వస్తుంది. మాక్‌లో అది 501. ఫెడోరాలో 2011 దాకా 500 నుంచి లెక్క మొదలయ్యేది. దీనివల్ల ఇంట్లో 1000గా ఉన్న వ్యక్తి, లినక్స్ ఫైల్ వ్యవస్థ అయిన ఈఎక్స్‌టీ4 ఉన్న డిస్కును ఆఫీసుకు తీసుకెళ్తే, అక్కడ 1000 సంఖ్య ఎవరిదో వారే ఆ ఫైళ్లకు యజమాని అవుతారు. తెచ్చిన వ్యక్తి అక్కడ 1003 అయితే తన ఫైళ్ల ముందు తానే పరాయివాడు. ఒకే కంప్యూటరులో ఉన్నంతకాలం ఈ సంఖ్యలు నిలకడగా ఉంటాయి. కానీ ఆ కంప్యూటరులో ఆపరేటింగ్ వ్యవస్థను కొత్తగా వేసి, ఖాతాలను వేరే వరుసలో సృష్టిస్తే, దాన్ని వాడే అన్నాచెల్లెళ్ల ఫైళ్లు ఒకరివి మరొకరికి మారిపోవచ్చు.

ఫైల్ వ్యవస్థల వారీగా

ఫ్యాట్ కుటుంబం. 1977 నాటి మూలాలున్న ఫ్యాట్‌కు, 1996లో విండోస్ 95 సవరించిన వెర్షన్‌తో వచ్చిన ఫ్యాట్32కు, 2006 నాటి ఎక్స్‌ఫ్యాట్‌కు ఫైలు యజమాని అన్న భావనే లేదు. చదవడానికి మాత్రమే, దాచినది వంటి కొన్ని గుర్తులు తప్ప వ్యక్తిగత అనుమతులు వీటిలో నమోదు కావు. లినక్స్ ఈ ఖాళీని మౌంట్ సమయంలో పూరిస్తుంది. ఫైళ్లన్నిటికీ ఫలానా వ్యక్తి యజమాని, ఫలానా గుంపుకు రాసే హక్కు ఉంది అని ఒకే నియమాన్ని డ్రైవ్ మొత్తానికీ తొడుగుతుంది. ఈ నియమం డిస్కు మీద నిలవదు. ఊడదీస్తే పోతుంది. ఒక ఫైలును మాత్రమే దాచుకోవాలంటే కుదరదు: ఇస్తే మొత్తం, లేకుంటే శూన్యం.

ఈ లోపమే ఆచరణలో ఫ్యాట్ కుటుంబానికి బలమైంది. యజమాని లేడు కాబట్టి సంఖ్యల గొడవ లేదు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 గిగాబైట్లకు ఒక బైటు తక్కువ వరకే ఉండగలదు. పెద్ద వీడియోలకు ఇది చాలదు. ఎక్స్‌ఫ్యాట్ ఆ హద్దును తొలగించింది. దాని నిర్దేశాలను మైక్రోసాఫ్ట్ 2019లో బహిరంగపరిచాక లినక్స్ కెర్నల్ 5.4లో తొలి డ్రైవర్, 2020లో 5.7తో శామ్‌సంగ్ రాసిన మెరుగైన డ్రైవర్ చేరాయి. గోప్యత అవసరం లేని ఉమ్మడి డ్రైవ్‌కు నేడు ఎక్స్‌ఫ్యాట్‌ను మించిన తేలికైన మార్గం లేదు. అయితే మార్పులను ముందే నమోదు చేసుకునే జర్నల్ లేని వ్యవస్థ కాబట్టి రాస్తుండగా పీకేస్తే నష్టం ఎక్కువ.

ఎన్‌టీఎఫ్‌ఎస్. విండోస్ ఎన్‌టీతో 1993లో వచ్చిన ఈ వ్యవస్థలో ప్రతి ఫైలుకూ అనుమతుల జాబితా ఉంటుంది. వాడుకరిని ఎస్‌ఐడీ అనే పొడవైన గుర్తింపుతో నమోదు చేస్తారు. అందులో కంప్యూటరుకు ప్రత్యేకమైన భాగం ఉండటం వల్ల, యూనిక్స్ 1000 మాదిరిగా మరో యంత్రంలో వేరొకరితో పొరపాటున కలిసిపోదు. దానికి బదులు, తెలియని ఖాతాగా కనిపిస్తుంది. ‘అందరూ’, ‘అడ్మినిస్ట్రేటర్లు’ వంటి సాధారణ గుర్తింపులు మాత్రం అన్ని విండోస్ యంత్రాల్లోనూ ఒకటే. అందుచేత ఉమ్మడి డ్రైవ్ మీద వ్యక్తుల పేర్లకు కాక ఈ సాధారణ గుంపులకు అనుమతులివ్వడం పద్ధతి. మాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను సొంతంగా చదవగలదు, రాయలేదు. లినక్స్‌లో చాలాకాలం ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే వాడుకరి స్థాయి డ్రైవర్ ఆ పని చేసింది. 2021లో కెర్నల్ 5.15తో పారగాన్ సంస్థ డ్రైవర్ నేరుగా కెర్నల్‌లో చేరింది.

ఈఎక్స్‌టీ4. లినక్స్‌లో ఒక్కో వాడుకరికి ఒక్కో స్థాయి హక్కు ఇవ్వాలంటే వాడేది దీన్నే. యజమాని, గుంపు, ఇతరులు అన్న సంప్రదాయ విభజనతో పాటు ఏసీఎల్ అనే విస్తృత జాబితాను కూడా ఇది భద్రపరుస్తుంది. మొదటిసారి ఫార్మాట్ చేశాక పై ఫోల్డరు రూట్ పేరున ఉంటే, సాధారణ వాడుకరి ఖాళీ డ్రైవ్‌లో కూడా ఏమీ రాయలేడు. కొత్తవారిని కంగారు పెట్టే ఈ స్థితి డ్రైవ్ పాడవడం కాదు. యాజమాన్యం ఒకసారి మారిస్తే సరిపోతుంది.

హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, ఏపీఎఫ్‌ఎస్. 1998, 2017ల నాటి ఈ ఆపిల్ వ్యవస్థలు యూనిక్స్ తరహా యాజమాన్యాన్ని నమోదు చేస్తాయి. కానీ బయటి డ్రైవ్‌ల విషయంలో మాక్ సాధారణంగా దాన్ని లెక్కచేయదు (చూడండి: ఆపరేటింగ్ వ్యవస్థల వారీగా).

ఆపరేటింగ్ వ్యవస్థల వారీగా

విండోస్‌లో డ్రైవ్ అక్షరం యంత్రం మొత్తానికీ వర్తిస్తుంది. ఒక ఖాతాలో తగిలించిన పెన్‌డ్రైవ్, ఖాతా మార్చినా అదే అక్షరంతో కనిపిస్తుంది. అంటే అడ్డు పెట్టకపోతే ఉమ్మడి వాడకమే సహజ స్థితి. అడ్డు కావలసిన సంస్థలు గ్రూప్ పాలసీలోని తొలగించదగిన నిల్వ విభాగాన్ని వాడతాయి. విస్టా నుంచి ఉన్న ఈ విభాగంలో చదవడం, రాయడం వేర్వేరుగా నిషేధించవచ్చు, యంత్రానికైనా వాడుకరికైనా వర్తింపజేయవచ్చు.

మాక్‌లో డ్రైవ్‌లు వాల్యూమ్స్ అనే ఉమ్మడి ఫోల్డరులో తెరుచుకుంటాయి. ‘ఈ వాల్యూమ్ మీద యాజమాన్యాన్ని పట్టించుకోవద్దు’ అనే ఎంపిక బయటి డ్రైవ్‌లకు మామూలుగా ఆన్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపు ఎవరు చూస్తే వారే ఫైళ్లకు యజమానిగా కనిపిస్తారు. సంఖ్యల సమస్యను పరిష్కరించడానికి బదులు దాన్ని పక్కనపెట్టే పద్ధతి ఇది. ఇంటి వాడకానికి సరిపోతుంది. ఒకే డిస్కు మీద ఇద్దరి వ్యక్తిగత దస్త్రాలు ఉండాలంటే మాత్రం ఈ ఎంపికను తీసేయాల్సిందే.

లినక్స్‌లో అవకాశాలు ఎక్కువ, అందుకే అయోమయమూ ఎక్కువ. పోల్‌కిట్ నియమాల ప్రకారం యంత్రం ముందు కూర్చుని, సెషన్ చురుకుగా ఉన్న వ్యక్తి పాస్‌వర్డు లేకుండా పెన్‌డ్రైవ్‌ను మౌంట్ చేయగలడు. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చినవారిని సాధారణంగా నిర్వాహకుడి పాస్‌వర్డు అడుగుతుంది. ఒకరు మౌంట్ చేసినదాన్ని మరొకరు తీసేయాలన్నా అంతే. ఇక మొదటి వ్యక్తి డ్రైవ్‌ను తెరిచి, ఖాతా మార్చి లేచిపోతే, రెండో వ్యక్తి దాన్ని మళ్లీ మౌంట్ చేయలేడు, ఉన్న మౌంట్‌లోకి వెళ్లలేడు, నిర్వాహకుడి పాస్‌వర్డు లేకుండా తీసేయనూ లేడు.

దీనికి రెండు దారులున్నాయి. పరికరాలకు గుర్తులు తగిలించే యూడెవ్ నియమాల్లో ఆ డ్రైవ్‌ను ఉమ్మడి ఫైల్ వ్యవస్థగా గుర్తిస్తే, యూడిస్క్స్ దాన్ని సొంత ఫోల్డరులో కాక మీడియా ఫోల్డరులో నేరుగా తెరుస్తుంది. ఇది దారిని మాత్రమే తెరుస్తుంది. ఫ్యాట్ డ్రైవ్ అయితే మౌంట్ చేసిన వ్యక్తే ఇంకా యజమానిగా ఉంటాడు కాబట్టి రాసే హక్కు ఇతరులకు రావాలంటే గుంపును, ఏ హక్కులు తీసేయాలో చెప్పే మాస్క్ ఎంపికలను కూడా దిద్దాలి. రెండో దారి, ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్ఎస్‌టాబ్ ఫైలులో ఒక వరుస రాయడం. డ్రైవ్‌ను దాని ఫైల్ వ్యవస్థ విశిష్ట సంఖ్య అయిన యూయూఐడీతో గుర్తించి, స్థిరమైన ఫోల్డరు, గుంపు సంఖ్య, గుంపుకు రాసే హక్కునిచ్చే మాస్క్ పేర్కొంటారు. డ్రైవ్ లేకపోయినా యంత్రం బూట్ అయ్యేలా నోఫెయిల్ ఎంపికను మరవకూడదు. ఇక్కడ యూజర్, యూజర్స్ అనే రెండు ఎంపికలు ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి: మొదటిదానిలో మౌంట్ చేసినవారే తీసేయగలరు, రెండోదానిలో ఎవరైనా తీసేయవచ్చు. ఎప్పుడూ తగిలే ఉండే ఇంటి బ్యాకప్ డిస్కుకు ఎఫ్ఎస్‌టాబ్ నప్పుతుంది. రోజుకో కొత్త పెన్‌డ్రైవ్ వచ్చే ప్రయోగశాలకు నప్పదు.

ఈఎక్స్‌టీ4 డ్రైవ్ అయితే మౌంట్ ఎంపికలతో యాజమాన్యం మారదు. ఉమ్మడి గుంపును ఏర్పరచి, వాడుకరులందరినీ అందులో చేర్చి, ఉమ్మడి ఫోల్డరును ఆ గుంపుకు ఇచ్చి, సెట్‌జీఐడీ గుర్తు పెడతారు. ఆపైన అందులో పుట్టే ప్రతి ఫైలూ సృష్టించినవారి సొంత గుంపుకు కాక ఉమ్మడి గుంపుకే చెందుతుంది. ఇంతవరకు చేసి ఆగిపోయేవారు చాలామంది. కొత్త ఫైళ్లకు ఏ హక్కులు ఇవ్వకూడదో చెప్పే యూమాస్క్ వాడుకరులకు 022గా ఉంటే కొత్త ఫైళ్లలో గుంపుకు రాసే హక్కు పడదు. చెల్లెలు చేర్చిన పత్రాన్ని అన్న చదవగలడు కానీ దిద్దలేడు. యూమాస్క్‌ను 002గా మార్చడమో, ఆ ఫోల్డరుకు డిఫాల్ట్ ఏసీఎల్ పెట్టడమో చేయాలి. ఏసీఎల్ మేలు, ఎందుకంటే అది ఆ ఒక్క ఫోల్డరుకే వర్తిస్తుంది. గుంపు కూడా డిస్కు మీద సంఖ్యగానే ఉంటుంది గనుక, డ్రైవ్ వేరే యంత్రాలకూ వెళ్లేదైతే డెబియన్, ఫెడోరా రెండిటిలోనూ 100 సంఖ్యతో ఉండే యూజర్స్ గుంపును ఎంచుకోవడం ఉపయోగకరం.

సంఖ్యల పొంతన లేని సమస్యకు కెర్నల్ స్థాయి పరిష్కారం 2021లో 5.12 వెర్షన్‌తో వచ్చింది. ఐడీ-మ్యాప్డ్ మౌంట్లు అనే ఈ సౌకర్యంలో, డిస్కు మీద 1000గా ఉన్నదాన్ని ఈ మౌంట్‌లో 1003గా చూపమని చెప్పవచ్చు. డిస్కు మీది సంఖ్యలు మారవు.

ఏకకాల వాడకం, సురక్షితంగా తీయడం

ఇద్దరు వేర్వేరు ఫైళ్లతో పనిచేస్తే ఏ చిక్కూ లేదు. ఒకే ఫైలును ఇద్దరు తెరిచి దిద్దితే, చివర సేవ్ చేసినవారి మాటే మిగులుతుంది. దీన్ని ఫైల్ వ్యవస్థ ఆపదు. లిబ్రేఆఫీస్ వంటి ప్రోగ్రాములు ఫైలు పక్కన తాళం ఫైలు ఒకటి సృష్టించి రెండో వ్యక్తిని హెచ్చరిస్తాయి, సాధారణ టెక్స్ట్ ఎడిటర్లలో చాలావాటికి ఆ అలవాటు లేదు.

నష్టం ఎక్కువగా జరిగేది డ్రైవ్‌ను తీసే సమయంలో. వ్యవస్థ రాతలను కొంతసేపు జ్ఞాపకంలో పోగుచేసి తర్వాత డిస్కుకు పంపుతుంది. కాపీ పూర్తయిందని తెర చెప్పినా కొంత భాగం ఇంకా దారిలో ఉండవచ్చు. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకు త్వరిత తొలగింపు విధానం డిఫాల్ట్ అయింది. అందులో ఈ పోగుచేయడం ఉండదు. లినక్స్‌లో తీసేముందు అన్‌మౌంట్ తప్పనిసరి. పలువురు వాడుతున్నప్పుడు ‘పరికరం వాడుకలో ఉంది’ అన్న సందేశం వస్తే, తెర వెనక ఉన్న మరో సెషన్‌లో ఎవరిదో ఫోల్డరు తెరిచి ఉందని అర్థం. ఎవరి ప్రక్రియ పట్టుకుని ఉందో ఎల్‌ఎస్‌ఓఎఫ్, ఫ్యూజర్ అనే ఆదేశాలు చూపుతాయి. ఇతరుల ప్రక్రియలు కనిపించాలంటే నిర్వాహక అధికారం ఉండాలి.

తొలగించిన ఫైళ్లు

ఉమ్మడి డ్రైవ్‌ల మీద గోప్యత ఎక్కువగా జారేది ఇక్కడే, దీన్ని గమనించేవారు తక్కువ. లినక్స్ డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌లోని ఫైలును చెత్తబుట్టలో వేస్తే అది హోమ్ ఫోల్డరుకు వెళ్లదు. అదే డ్రైవ్ మీద, ముందు చుక్క ఉండటం వల్ల మామూలుగా కనిపించని ట్రాష్ ఫోల్డరు ఒకటి ఏర్పడుతుంది. దాని పేరు చివర వాడుకరి సంఖ్య, ఉదాహరణకు 1000, ఉంటుంది. మాక్ కూడా వాడుకరి సంఖ్యతోనే ట్రాషెస్ అనే దాగిన ఫోల్డరులో వేస్తుంది. విండోస్ బయటి హార్డ్ డిస్కుల మీద ఎస్‌ఐడీ పేరుతో రీసైకిల్ బిన్ విభాగాన్ని సృష్టిస్తుంది, పెన్‌డ్రైవ్‌ల మీది ఫైళ్లను మాత్రం మామూలుగా నేరుగా తొలగిస్తుంది. ఫ్యాట్ కుటుంబంలో యాజమాన్యం లేదు కాబట్టి, దాగిన ఫైళ్లను చూపమని అడిగిన ఎవరికైనా ఈ బుట్టలన్నీ తెరిచిన పుస్తకాలే. ఎంత తొలగించినా డ్రైవ్‌లో ఖాళీ పెరగకపోవడానికి కూడా ఇదే కారణం: ఒకరి బుట్టను మరొకరి ‘చెత్తబుట్ట ఖాళీ చేయి’ ఆదేశం తాకదు.

తెలుగు పేర్లు

తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు ఒక వ్యవస్థ నుంచి మరోదానికి మారేటప్పుడు కొన్ని పరిమితులు ఎదురవుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 పొడవు పేర్లు 255 యూటీఎఫ్-16 గుర్తుల దాకా ఉండవచ్చు. ఒక్కో తెలుగు గుర్తు అందులో ఒకటిగానే లెక్క. ఈఎక్స్‌టీ4 పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి కాబట్టి 85 గుర్తులకే హద్దు వస్తుంది. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. విండోస్‌లో పత్రిక వ్యాసం శీర్షికనంతా ఫైలు పేరుగా పెట్టి, దాన్ని లినక్స్ డిస్కుకు కాపీ చేయబోతే పేరు మరీ పొడవన్న దోషం రావడానికి ఇదే కారణం.

డ్రైవ్ పేరు విషయంలో హద్దులు మరింత ఇరుకు. ఈఎక్స్‌టీ4లో 16 బైట్లే, అంటే ఐదు తెలుగు గుర్తులు. ‘తెలుగు’ అన్న మాటకే ఆరు గుర్తులు కావాలి, 18 బైట్లతో అది పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో 11 గుర్తులకు చోటుంది: ‘తెలంగాణ’ ఏడు గుర్తులతో ఇమిడిపోతుంది, పన్నెండు గుర్తుల ‘ఆంధ్రప్రదేశ్’ ఒక్క గుర్తు తేడాతో మిగిలిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 32 దాకా పెట్టుకోవచ్చు.

ఐత్వంతో మరో చిక్కు ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలోనే దాచుతుంది. ఆ రూపం అలాగే ఈఎక్స్‌టీ4కు చేరితే, అది బైట్లను మాత్రమే పోల్చుతుంది కాబట్టి, ‘హైదరాబాద్’ పేరుతో కంటికి తేడా తెలియని రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉండగలవు.

బహుపీఠ కంప్యూటర్లు

ఒక సీపీయూను పలువురు విద్యార్థులకు పంచే విధానం పాఠశాలల్లో ఖర్చు తగ్గించే మార్గంగా ప్రాచుర్యం పొందింది. బ్రెజిల్‌లోని పరానా రాష్ట్ర పాఠశాలల్లో లినక్స్ బహుపీఠాలు పెద్ద ఎత్తున నెలకొన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకం చివర సుమారు 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో ఎన్‌కంప్యూటింగ్ పరికరాలతో ఒక్కో కంప్యూటరును పలువురు విద్యార్థులు వాడుకునే ఏర్పాటు జరిగింది. మైక్రోసాఫ్ట్ 2010లో తరగతి గదుల కోసం విండోస్ మల్టీపాయింట్ సర్వర్‌ను తెచ్చింది.

ఇక్కడ కొత్త ప్రశ్న పుడుతుంది: ఐదుగురు లాగిన్ అయి ఉన్న యంత్రానికి ఒక పెన్‌డ్రైవ్ తగిలితే అది ఎవరిది? లినక్స్‌లో సెషన్లను నిర్వహించే సిస్టమ్‌డీ-లాగిన్‌డీ దీనికి పీఠం అనే భావనతో జవాబిస్తుంది. ఒక్కో పీఠానికి తెర, కీబోర్డు, మౌస్‌లతో పాటు ఒక యూఎస్‌బీ హబ్‌ను కేటాయిస్తారు. ఆ హబ్‌లో తగిలిన నిల్వ ఆ పీఠానిదే. వేరే పీఠం నుంచి దాన్ని మౌంట్ చేయబోతే నిర్వాహకుడి పాస్‌వర్డు కావాలి. హబ్‌లో కాక సీపీయూకు నేరుగా తగిలిస్తే మొదటి పీఠానికి చెందుతుంది. 2012లో ఫెడోరా 17 కొన్ని యూఎస్‌బీ డాక్‌లను తగిలించగానే దానంతటదే కొత్త పీఠాన్ని తెరిచేలా ఈ ఏర్పాటును సులభం చేసింది.

భద్రత

పలువురి చేతులు మారే డ్రైవ్ మాల్‌వేర్‌కు అనువైన వాహనం. 2008 చివర కనిపించిన కాన్‌ఫికర్ పురుగు వ్యాప్తి మార్గాల్లో పెన్‌డ్రైవ్‌ను తగిలించగానే ప్రోగ్రామును నడిపే ఆటోరన్ ఒకటి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్‌కు ఆటోరన్ కూడా అక్కరలేకపోయింది. ఫోల్డరు తెరిచి చూస్తే చాలు, షార్ట్‌కట్ ఫైళ్ల లోపం ద్వారా లోపలికి చేరేది. విండోస్ 7 యూఎస్‌బీ డ్రైవ్‌లకు ఆటోరన్‌ను ఆపేసింది, పాత వెర్షన్లకు 2011 ఫిబ్రవరి నవీకరణతో అదే మార్పు వచ్చింది. 2014లో కార్‌స్టెన్ నోల్, యాకబ్ లెల్ ప్రదర్శించిన బ్యాడ్‌యూఎస్‌బీ దాడి నిల్వతో సంబంధం లేనిది: పెన్‌డ్రైవ్ నియంత్రణ చిప్‌లోని ఫర్మ్‌వేర్‌ను మార్చి, దాన్ని కీబోర్డుగా నటింపజేయడం. ఫార్మాట్ చేసినా అది పోదు. తెలియని పరికరాలను అనుమతించేదాకా నిలిపి ఉంచే యూఎస్‌బీగార్డ్ వంటి పనిముట్లు దీనికి లినక్స్‌లో ఉన్న రక్షణ.

బహుళ వాడుకరుల యంత్రంలో మరో ముప్పు లోపలి నుంచి వస్తుంది. ఈఎక్స్‌టీ4 డ్రైవ్ మీద ఎవరైనా తమ సొంత కంప్యూటరులో రూట్ యాజమాన్యం, ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడిపించే సెట్‌యూఐడీ గుర్తు ఉన్న ప్రోగ్రామును పెట్టుకుని రావచ్చు. అది ఉమ్మడి యంత్రంలో నడిస్తే సర్వాధికారం చేతికొస్తుంది. యూడిస్క్స్ ప్రతి మౌంట్‌కూ ఆ గుర్తును పట్టించుకోని నోసూయిడ్, పరికర ఫైళ్లను పట్టించుకోని నోడెవ్ ఎంపికలను తప్పక జోడించేది ఇందుకే. ఎఫ్ఎస్‌టాబ్‌లోని యూజర్, యూజర్స్ ఎంపికలు కూడా వీటిని వాటంతటవే తెస్తాయి. ఆ రెండూ లేకుండా వరుస రాసే నిర్వాహకులు వీటిని స్వయంగా చేర్చాలి.

గూఢలిపీకరణ డ్రైవ్ పోయినప్పుడు కాపాడుతుంది. విండోస్ 7తో 2009లో వచ్చిన బిట్‌లాకర్ టు గో, లినక్స్‌లో 2004 నుంచి ఉన్న లక్స్ ఇందులో ముఖ్యమైనవి. ఉమ్మడి వాడకానికి లక్స్ నిర్మాణం అనువైనది: మొదటి వెర్షన్‌లో 8, రెండోదానిలో 32 దాకా తాళపు గడులుంటాయి, ఒక్కొక్కరికీ సొంత పాస్‌ఫ్రేజ్ ఇచ్చి, ఒకరిది రద్దు చేసినా మిగతావారివి చెక్కుచెదరకుండా ఉంచవచ్చు. అయితే గడులన్నీ తెరిచేది ఒకే మూలతాళాన్ని. దాన్ని ముందే నకలు చేసుకున్న వ్యక్తి పాస్‌ఫ్రేజ్‌ను రద్దు చేసి ప్రయోజనం లేదు. డ్రైవ్ మొత్తాన్ని కొత్త తాళంతో తిరిగి గూఢలిపీకరించాలి. ఒకరు తాళం తీసి మౌంట్ చేశాక, అదే కంప్యూటరులో లాగిన్ అయి ఉన్న మిగతావారి విషయంలో గూఢలిపికి పాత్ర ఉండదు. అప్పుడు ఎవరు ఏ ఫైలు చూడగలరో తేల్చేవి మౌంట్ ఎంపికలు, ఫైలు అనుమతులే.